9.2 జీపీఏ ఎక్కువా, 521 మార్కులు ఎక్కువా?

పోయిన ఎండాకాలం ఒకమ్మ ఇద్దరు కొడుకుల టెన్త్ మెమోలు పట్టుకుని మా బడికొచ్చింది. పెద్దోడిది 2023 మెమో, అందులో 9.2 జీపీఏ అని ఉంది. చిన్నోడిది 2025 మెమో, 600కి 521. "సార్, ఇద్దర్లో ఎవడు బాగా చదివినట్టు? మా ఆయనేమో పెద్దోడంటాడు, చుట్టాలేమో 521 అంటే మాటలా అంటున్నారు" అని అడిగింది. నేను లెక్కల టీచర్ని, ఖమ్మం జిల్లాలో ఒక గవర్నమెంట్ హైస్కూల్లో ఇరవై ఏళ్ళకి పైగా పాఠం చెప్తున్నా, అయినా సరే ఆమెకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయా. ఎందుకు చెప్పలేకపోయానో వివరంగా రాద్దామని ఈ వ్యాసం, ఎందుకంటే ఆమె అడిగింది చాలామంది తల్లిదండ్రుల మనసులో ఉన్న ప్రశ్నే.

ముందు ఆ 9.2 సంగతి చూద్దాం. అప్పట్లో తెలంగాణ టెన్త్‌లో 91 నుంచి 100 దాకా వస్తే ఏ1, దానికి 10 పాయింట్లు. 81 నుంచి 90 అయితే ఏ2, 9 పాయింట్లు. 71 నుంచి 80 బీ1, 8 పాయింట్లు, ఇలా పదేసి మార్కులకి ఒక మెట్టు. హిందీకి మెట్లు కొంచెం వేరుగా ఉండేవి, దాన్ని పక్కన పెడదాం. ఆరు సబ్జెక్టుల పాయింట్లు కలిపి ఆరుతో భాగిస్తే జీపీఏ. 9.2 రావాలంటే మొత్తం 55 పాయింట్లు రావాలి, 55 పాయింట్లు వచ్చిన పిల్లాడికి అసలు మార్కులు ఎన్ని ఉండొచ్చో వెనక్కి లెక్క కడితే 496 నుంచి 550 దాకా ఎంతైనా ఉండొచ్చు. అంటే 54 మార్కుల తేడా ఆ ఒక్క అంకె వెనకాల దాక్కుని ఉంది, చిన్నోడి 521 దాని మధ్యలో ఎక్కడో పడుతుంది. పెద్దోడు ముందున్నాడో వెనకున్నాడో ఆ మెమో చూసి ఎవరూ చెప్పలేరు.

ఇంకో లెక్క చెప్తా, ఇది విన్నప్పుడు చాలామంది టీచర్లు కూడా ఒకసారి ఆగి మళ్ళీ వేసి చూసుకుంటారు. ఒక అమ్మాయికి ఆరు సబ్జెక్టుల్లోనూ సరిగ్గా 91 వచ్చాయనుకోండి, మొత్తం 546, జీపీఏ 10. ఇంకో అమ్మాయికి ఐదింట్లో నూటికి నూరు, లెక్కల్లో మాత్రం 90. మొత్తం 590, కానీ జీపీఏ 9.8. 590 వచ్చిన పిల్ల 546 వచ్చిన పిల్ల కంటే కింద. గ్రేడింగ్ తప్పని చెప్పట్లేదు నేను, మెట్టు అంచున నిలబడ్డ పిల్లలకి ఒక్క మార్కు ఎంత పని చేస్తుందో చూడమంటున్నా.

మరి గ్రేడ్లు ఎందుకు తెచ్చారు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో టెన్త్ రిజల్ట్స్ మొదటిసారి గ్రేడ్లలో ఇచ్చారు. అంతకుముందు మార్కులు, స్టేట్ ఫస్ట్, జిల్లా ఫస్ట్, పేపర్ నిండా పాస్‌పోర్ట్ ఫోటోలు, టీవీల్లో అరుపులు. 578కి 577కి మధ్య తేడా ఏమీ లేదు, ఆ తేడా కోసం పిల్లల్ని చంపుకు తినొద్దు అన్నది ఆలోచన, అది మంచి ఆలోచనే, ఇప్పటికీ నేను ఒప్పుకుంటా. కానీ కార్పొరేట్ స్కూళ్ళు ఏం చేశాయంటే మార్కులు పోతే పోయాయి, మా దగ్గర ఇన్ని వందల 10 జీపీఏలు అని ఫ్లెక్సీలు కట్టాయి. పందెం ఆగలేదు, 10 దగ్గరికి మారింది అంతే. 9.8 వచ్చిన పిల్ల ఇంట్లో ఏడుస్తూ కూర్చునేది, ఆ పిల్లకి 590 ఉండొచ్చని ఎవరికీ తెలీదు, ఆ పిల్లకే తెలీదు.

తర్వాత రెండు రాష్ట్రాలూ వెనక్కొచ్చాయి. ఆంధ్రలో గ్రేడ్లు తీసేశారు, 2022 ఫలితాలు మార్కుల్లోనే వచ్చాయి, ఆ ఏడాదే ర్యాంకుల ప్రకటనలు వేయొద్దని నిషేధం కూడా పెట్టారు. తెలంగాణలో 2024 నవంబర్‌లో జీవో ఇచ్చి గ్రేడింగ్ తీసేశారు, 2025 మెమోల్లో జీపీఏ పోయి మార్కులొచ్చాయి. అందుకే ఆ తల్లి చేతిలో రెండు రకాల మెమోలు ఉన్నాయి.

సరే మార్కులొచ్చాయి కాబట్టి ఇప్పుడంతా స్పష్టంగా ఉందా అంటే అదీ లేదు. స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు, రోజుకి 40 పేపర్లు దిద్దాలి, ఏప్రిల్ ఎండ, ఫ్యాను ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. పైథాగరస్ సిద్ధాంతం నిరూపణలో పిల్లాడు పటం సరిగ్గా గీసి దత్తాంశం, సారాంశం రాసి రెండు స్టెప్పుల తర్వాత ఆగిపోయాడనుకోండి, నేను సగం మార్కులేస్తా, పక్క బల్ల మీద సార్ ఇంకొకటి ఎక్కువేస్తాడు, ఇద్దరం నిజాయితీగానే దిద్దుతున్నాం, స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ ఇద్దరి ముందూ ఉంది. అదే పేపరు నాకే పొద్దున ఇస్తే ఒక మార్కు, సాయంత్రం ఇస్తే ఇంకో మార్కు పడొచ్చు. ఒక సబ్జెక్టులో రెండు మూడు మార్కులు ఇలా అటూ ఇటూ పోవడం మామూలే, ఆరు సబ్జెక్టులు కలిపితే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. కాబట్టి 521 అని రాసి ఉంటే దాన్ని 510 నుంచి 530 మధ్యలో ఎక్కడో అని చదువుకోవడం నా అలవాటు. ఇది నా అనుభవంతో చెప్తున్న మాట, బోర్డు రూల్ కాదు.

ఇవి నిజాయితీగా జరిగే తేడాలు. పొరపాట్లు వేరే. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది, మళ్ళీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు చేతులు వణుకుతాయి. 2025లో ఆంధ్ర టెన్త్ రీవెరిఫికేషన్‌లో వేల పేపర్లలో మార్కులు మారాయి. అందుకే ఎవరైనా నాతో "సార్ మా అమ్మాయికి అనుకున్నదానికంటే చాలా తక్కువొచ్చాయి" అంటే పిల్లని తిట్టకండి, ముందు రీవెరిఫికేషన్‌కి డబ్బులు కట్టండి అనే చెప్తా.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికొద్దాం, అదే బడిలోనే టీచర్లు వేసే ఆ 20 ఇంటర్నల్ మార్కులు.

2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ కింద పిల్లల్ని ఏడాది పొడవునా, అన్ని కోణాల్లో అంచనా వేయాలని ఉంది, దాన్నే సీసీఈ అంటారు, నిరంతర సమగ్ర మూల్యాంకనం. (చాలామంది దీన్ని 16వ సెక్షన్‌తో కలిపేసి సీసీఈ అంటే ఎవర్నీ ఫెయిల్ చేయకపోవడం అనుకుంటారు, అది వేరే రూలు, 2019లో దాన్ని సవరించి 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వీలు రాష్ట్రాలకి ఇచ్చారు.) మన దగ్గర 2014-15 నుంచి టెన్త్‌కి కూడా ఇది తెచ్చి 80 మార్కులు పబ్లిక్ పరీక్షకి, 20 మార్కులు బడిలో ఏడాదంతా చేసే నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల సగటుకి అన్నారు. మనం ఎఫ్ఏ-1, ఎఫ్ఏ-2 అనేవి అవే. ఒక్కో ఎఫ్ఏలో నాలుగు భాగాలు, తలా 5 మార్కులు: పిల్లాడు క్లాసులో పాల్గొని ఎలా స్పందిస్తున్నాడు, నోటుబుక్కుల్లో సొంతంగా ఏం రాస్తున్నాడు, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్ట్ అనే చిన్న రాత పరీక్ష.

కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. మొదటి ఏడాది మా బడిలో ప్రాజెక్టు అంటే పిల్లలు ఊళ్ళోకి పోయి కిరాణా కొట్టు రేట్లు రాసుకొచ్చి సగటు, మధ్యగతం కట్టారు, ఒకడు వాళ్ళ నాన్న మిర్చి తోట ఖర్చులన్నీ పట్టిక వేశాడు, క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని పిల్లాడు ఆ రోజు పావుగంట మాట్లాడాడు. వాడికి లెక్కలు రావని నేను అంతకుముందు అనుకున్నా, నాదే తప్పని ఆరోజు తెలిసింది. ఫార్మేటివ్ అంటే అసలు ఉద్దేశం అదే, పిల్లాడు ఎక్కడ ఆగాడో టీచరుకి తెలియడం, తెలిసి పాఠం మార్చుకోవడం.

కానీ ఆ మార్కులు మెమోలో కలుస్తాయి. కలుస్తాయి అన్న క్షణం నుంచి కథ మారిపోయింది. పక్క ప్రైవేటు స్కూల్లో అందరికీ 20కి 20 వేస్తున్నారని తెలిసినప్పుడు మా బడి పిల్లాడికి నేను నిజాయితీగా 13 వేస్తే వాడు ట్రిపుల్ ఐటీ సీటులో వెనకబడతాడు, శిక్ష వాడికి పడుతుంది. ఒక పేద పిల్లాడి భవిష్యత్తు మీద నా నిజాయితీ చూపించుకునే హక్కు నాకు ఉందా? లేదనిపించింది. నేనూ 19లు, 20లు వేశా. అందరం వేశాం. ఇప్పుడు లెక్క చూడండి, ఇంటర్నల్‌లో 20 ఖాయమైతే పబ్లిక్ పరీక్షలో 80కి 71 తెచ్చుకున్నా ఏ1 వచ్చేస్తుంది, 80కి 28 తెచ్చుకుని అంచున పాసైన పిల్లాడు మెమోలో 48తో కనిపిస్తాడు. ప్రాజెక్టులు గైడ్ల నుంచి ఎక్కించేవే అయిపోయాయి, తర్వాత తర్వాత జిరాక్స్ షాపులో రెడీమేడ్‌గా అమ్మేవాళ్ళు కూడా వచ్చారు, మిర్చి తోట పట్టిక లాంటిది మళ్ళీ నా బల్ల మీదకి రాలేదు.

ఇది ఎంత దూరం పోయిందో కరోనా చూపించింది. 2021లో పరీక్షలు పెట్టలేక తెలంగాణలో ఎఫ్ఏ మార్కుల్నే నూటికి లెక్కగట్టి రిజల్ట్ ఇచ్చారు, 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10 జీపీఏ వచ్చింది. ప్రతి ఐదుగురిలో ఇద్దరికి పదికి పది అన్నట్టు. ఆ పిల్లల్ని తక్కువ చేసి అనట్లేదు, వాళ్ళ తప్పేం లేదు, ఎఫ్ఏ మార్కుకి ఏ అర్థమూ మిగల్లేదని అంటున్నా. జీపీఏ ఉన్న రోజుల్లో బాసర ట్రిపుల్ ఐటీలో సీట్లు మామూలుగా దాన్ని బట్టే ఇచ్చేవారు, గవర్నమెంట్ బడి పిల్లలకి 0.4 కలిపేవారు, అయినా 10లు ఎక్కువుంటే ఎవరికివ్వాలి? ముందు లెక్కల గ్రేడు, తర్వాత సైన్స్, ఇంగ్లీషు ఇలా చూసుకుంటూ పోయి, అప్పటికీ తేలకపోతే పుట్టిన తేదీ చూసి వయసు ఎక్కువున్నవాళ్ళకి ఇచ్చేవారు. పదేళ్ళు చదివిన చదువు చివరికి పుట్టినరోజు దగ్గర తేలడం అన్నమాట. ఆంధ్రలో 2020లో అందర్నీ పాస్ చేసేశారు కాబట్టి అక్కడ ట్రిపుల్ ఐటీలకి విడిగా ఎంట్రన్సే పెట్టాల్సొచ్చింది.

ఆంధ్ర ప్రభుత్వం కరోనాకి ముందే, 2019లోనే, ఈ 20 మార్కులు తీసేసి మొత్తం 100కీ పబ్లిక్ పరీక్ష అంది. తెలంగాణ 2024 నవంబర్ జీవోలో అదే చెప్పి, మరుసటి రోజే ఆ ఏడాదికి 80-20 అలాగే ఉంచుతున్నాం అని మార్చింది. సగం మంది టీచర్లు ఇంటర్నల్స్ తీసేస్తే పీడ పోతుంది అంటారు, మిగతా సగం తీసేస్తే బడిలో ప్రాజెక్టులు, చర్చలు ఏవీ ఉండవు, మళ్ళీ బట్టీయే అంటారు. నాకైతే రెండు వైపులా ఒకే విషయం మర్చిపోతున్నారు అనిపిస్తుంది. పిల్లాడికి సాయం చేయడానికి వేసే అంచనా, పిల్లాణ్ణి వేరే పిల్లాడితో పోల్చి సీటు ఇవ్వడానికి వేసే అంచనా, ఈ రెండూ ఒకే కాగితం మీద కుదరవు. సాయం చేయాలంటే పిల్లాడు తన తప్పు దాచకుండా చూపించాలి, టీచరు కూడా 13 అంటే 13 అనే వేయాలి. సీటు కోసమైతే ఇద్దరూ తప్పు దాచిపెడతారు, ఎవరైనా దాస్తారు. ఎఫ్ఏని ఉంచండి, మెమోలో కలపకండి. నేను ఎన్ని మీటింగుల్లో అయినా ఇదే చెప్తా.

అంకెలో అసలు కనిపించని సంగతి ఇంకొకటి ఉంది, తల్లిదండ్రులకి దీని గురించి దాదాపు ఎవరూ చెప్పరు. మా లెక్కల పేపరు ఊరికే చాప్టర్ల వారీగా తయారవ్వదు, విద్యా ప్రమాణాలు అని ఐదుంటాయి: సమస్యా సాధనకి 40 శాతం, కారణాలు చెప్పడం, నిరూపించడానికి 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి (ఒక లెక్కని వేరే పాఠాలతో, రోజువారీ జీవితంతో కలపడం) 15, ప్రాతినిధ్యపరచడానికి (పటం, పట్టిక, గ్రాఫ్‌లో చూపించడం) 15. ఇద్దరు పిల్లలకి లెక్కల్లో 60 వచ్చాయనుకోండి. ఒకడు సమీకరణం ఇస్తే చకచకా చేసేస్తాడు కానీ "ఒక పడవ ప్రవాహానికి ఎదురుగా" అని మాటల్లో ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. రెండోవాడు మాటల లెక్క చదివి సమీకరణం కరెక్ట్‌గా రాస్తాడు, కూడికలు తీసివేతల్లో జారిపోతాడు. ఇద్దరికీ కావాల్సిన సాయం పూర్తిగా వేరు, మొదటివాడికి భాష మీద పని చేయాలి, రెండోవాడికి రోజూ పది లెక్కలు చేయించాలి. ప్రోగ్రెస్ కార్డు మీద మాత్రం ఇద్దరికీ 60, సీ1, "ఇంకా కృషి చేయాలి". ఈ వివరాలు మా మార్కుల రిజిస్టర్లో ఉంటాయి, ఇంటికి మాత్రం పోవు.

పోలికల సంగతీ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకరి పిల్లలు స్టేట్ సిలబస్, ఒకరి పిల్లలు సీబీఎస్ఈ, ఇంకొకరి మనవరాలు అమెరికాలో. మన స్టేట్ టెన్త్ మెమోలో ఏ1 అంటే 91, ఆ పైన, ఎంతమందికైనా రావొచ్చు. సీబీఎస్ఈ బోర్డు మార్క్‌షీట్‌లో ఏ1 అంటే ఆ సబ్జెక్టులో ఆ ఏడాది పాసైనవాళ్ళందర్నీ వరసలో నిలబెడితే పైన ఎనిమిదో వంతులో ఉన్నట్టు. పేరు ఒకటే, ఒకటి ఎంత వచ్చిందో చెప్తుంది, రెండోది ఎంతమందికంటే ముందున్నాడో చెప్తుంది. జీపీఏని 9.5తో గుణిస్తే పర్సంటేజీ వస్తుందని మనవాళ్ళు కళ్ళు మూసుకుని వాడిన ఫార్ములా కూడా సీబీఎస్ఈదే, 91 నుంచి 100 మధ్య వచ్చినవాళ్ళ సగటు 95 దగ్గర ఉందని దాన్ని 10తో భాగించి పెట్టారు, దాని ప్రకారం అన్నింట్లో 91 వచ్చినా 95 శాతమే, అన్నింట్లో 100 వచ్చినా 95 శాతమే. ఇక అమెరికాలో చాలా ఎలిమెంటరీ స్కూళ్ళలో ఏబీసీడీలు ఉండవు, ఒక్కో అంశానికి 1 నుంచి 4 దాకా వేస్తారు, 3 అంటే ఆ తరగతికి రావాల్సింది వచ్చేసింది అని. మన తాతయ్యలేమో 4కి 3 అంటే 75 శాతమా, అక్కడికెళ్ళి కూడా ఇంతేనా అని బాధపడతారు. మా తమ్ముడి కూతురి విషయంలో మా నాన్నగారు వారం రోజులు ఫోన్లో అదే మాట. అది 75 శాతం కాదు నాన్నా, ఈత నేర్పితే ఒడ్డుకి చేరింది అని రాసినట్టు అని చెప్తే అప్పుడు ఊరుకున్నారు.

2020 జాతీయ విద్యా విధానంలో అయితే ప్రోగ్రెస్ కార్డునే మార్చేయమన్నారు, పిల్లాడు తన గురించి తాను ఏమనుకుంటున్నాడు, తోటిపిల్లలు ఏమంటున్నారు, టీచరు ఏమంటున్నాడు అన్నీ ఉండే సమగ్ర ప్రగతి పత్రం. ఆంధ్రలో 2024 డిసెంబర్ 7న అన్ని గవర్నమెంట్ బళ్ళలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి ఇలాంటి కార్డులే తల్లిదండ్రుల చేతికిచ్చారు. దిశ మంచిదే. నా భయం ఒక్కటే, ఒక టీచరుకి ఐదు సెక్షన్లు, సెక్షన్‌కి నలభై మంది ఉంటే రెండొందల మంది గురించి ఏడాదికి మూడుసార్లు నిజంగా ఆలోచించి రాయడానికి టైం ఎక్కడిది? టైం ఇవ్వకపోతే అది కూడా ఆన్‌లైన్‌లో టిక్కులు కొట్టే పనైపోతుంది, ఎఫ్ఏకి పట్టిన గతే దానికీ పడుతుంది.

ఇక ఆ తల్లి దగ్గరికి వస్తే, ఎవడు ఎక్కువో నాకు తెలీదమ్మా, ఈ కాగితాలకి కూడా తెలీదు అని చెప్పి, పాత రిజిస్టర్లు తీసి ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూపించా. పెద్దోడికి తొమ్మిదో తరగతి నుంచీ నిరూపణల్లో మార్కులు లేవు, చిన్నోడు రేఖాగణితం బాగా చేసి త్రికోణమితి దగ్గర ఆగాడు. చిన్నోడు పాలిటెక్నిక్‌కి పోతాడంట, ఫస్టియర్ మ్యాథ్స్‌లో త్రికోణమితి చాలా ఉంటుంది కాబట్టి జూన్ లోపల పదిహేను రోజులు పొద్దున్నే వాణ్ణి నా దగ్గరికి పంపమన్నా. "ఇదంతా కార్డు మీద రాయొచ్చు కద సార్" అంది. అప్పట్నుంచి ప్రతి ఎఫ్ఏ తర్వాత కార్డు వెనక పెన్సిల్‌తో రెండు లైన్లు రాయడం మొదలుపెట్టా, ఏ రకం లెక్క వస్తుంది, ఏ రకం రావట్లేదు అని, అంతకంటే ఎక్కువ రాసే తీరిక ఉండదు.

మీ పిల్లల బడిలో అలా రాసే అలవాటు లేకపోతే, ఈసారి మీటింగ్‌కి పోయినప్పుడు కార్డు మీద సంతకం పెట్టే ముందు స్లిప్ టెస్ట్ పేపర్లు చూపించమని అడగండి. అవి బడిలోనే ఉంటాయి. ఏ ప్రశ్న వదిలేశాడు, ఏది సగంలో ఆపాడు, పోయిన ఎఫ్ఏలో వదిలేసింది ఈసారి రాశాడా లేదా, ఇవి ఆ టీచరు పక్కన ఐదు నిమిషాలు కూర్చుని చూడండి.